ముందు ఏడవాలి, తర్వాత అడగాలి

సోమవారం పొద్దున్నే కోటబొమ్మాళిలోని అద్దెగదిలో ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ నారాయణమూర్తి మాస్టారు ఆ రోజు కార్యక్రమాన్ని మరోసారి నెమరు వేసుకున్నారు. తొమ్మిదింటికల్లా చినరేవుపేట బడికి చేరాలి. పిల్లలను శుభ్రంగా వరసలో కూర్చోబెట్టాలి. పదకొండింటికి విద్యావిధానం మీద వేసిన శాసనసభ కమిటీ వస్తుంది. వాళ్ళ ముందు ఊరి ఆడవాళ్ళు నోరు విప్పి తమ బాధ చెప్పుకుంటారు. అంతే. ఇందులో చెడిపోవడానికి ఏముందిలే అనుకున్నారాయన. ఇన్నేళ్ళు చిన్నపిల్లల మధ్య గడిపిన మనిషికి అలాంటి ధీమా ఉండకూడదు. కానీ ఉంది.

చినరేవుపేట సముద్రం మీద బతికే ఊరు. ఆ ఊరి బడిలో ఒకటి నుంచి అయిదు దాకా తరగతులు. అందులో మూడు, నాలుగు, అయిదు తరగతులను వాగుకు, అక్కడివాళ్ళ మాటలో గెడ్డకు, అవతల ఉన్న హైస్కూల్లో కలిపేయాలని పైనుంచి ప్రతిపాదన వచ్చింది. కాగితం మీద చూస్తే అది చాలా బాగుంటుంది. కాగితం మీద గెడ్డ ఉండదు మరి. అసలు గెడ్డ మీద వంతెన లేదు, రెండు తాటిదుంగలు ఉన్నాయి. వానలు పడితే అవి కూడా నీళ్ళ కిందికి పోతాయి. "బడి గెడ్డవతలకెల్తే మా గుంటలు బడికెల్లరు, వలకెల్తారు" అని తల్లులందరూ తేల్చి చెప్పేశారు. వాళ్ళు అన్నారంటే చేస్తారు. మాస్టారికి ఆ సంగతి తెలుసు కాబట్టే రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. తను అక్షరాలు దిద్దించిన పిల్లలు ఎనిమిదేళ్ళకే పలక పారేసి తాడు పట్టుకోవడం ఆయన తలుచుకోలేకపోయారు.

ఈ విలీనం గురించి శాసనసభలో అధికార పక్షం, ప్రతిపక్షం రెండు సమావేశాల పాటు కొట్టుకున్నాయి. చివరికి బడుల దగ్గరికే వెళ్ళి, అక్కడే కూర్చుని చర్చించి తేల్చమని ఒక కమిటీ వేశారు. దానికి అధ్యక్షుడు అధికార పక్షం ఎమ్మెల్యే గణపతిరావు. ప్రతిపక్షం తరఫున సభ్యుడు ఉమాశంకర్. ఇద్దరూ ఒకే కారులో వస్తున్నారు, కానీ మాట్లాడుకోవడం లేదని పేపర్లో వచ్చింది.

మాస్టారికి ఉన్న చిక్కల్లా ఊరి ఆడవాళ్ళే. చేపల గంప దించితే బజారు బజారంతా వినపడేలా బేరమాడే ఆ తల్లులు, ఆఫీసరు కనపడితే చాలు కొంగు నోట్లో కుక్కుకుని బొమ్మల్లా నిలబడిపోతారు. అందుకని శనివారం సాయంత్రమే ఆయన వాళ్ళకి పెద్దదిక్కు అయిన జగ్గమ్మ ఇంటికి వెళ్ళారు.

"జగ్గమ్మా, ఎమ్మెల్యేలు వస్తున్నారు. బడి పోతే మీకొచ్చే కష్టమేమిటో మీరే చెప్పాలి. నేను చెబితే ఉద్యోగం కోసం చెప్పాడంటారు."

"మాకు మాటలు రావు బాబూ. పెద్దోల్లని సూస్తే నోరెండిపోద్ది."

"పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదమ్మా. మనసులో ఉన్నది బయటపెట్టండి, చాలు."

జగ్గమ్మ చుట్ట పక్కన పెట్టి ఆలోచించింది. "మనసులోది బయటెట్టడం మాకు ఒక్కలాగే వస్తాది."

"ఎలా వస్తే అలాగే కానివ్వండి."

"తరవాత నన్నేటీ అనకూడదు మరి."

"ఎందుకంటాను? అనను."

మాస్టారిది విజయనగరం. పదకొండేళ్ళుగా ఈ ఊళ్ళో పాఠం చెబుతున్నా సాయంత్రమయ్యేసరికి స్కూటరెక్కి కోటబొమ్మాళి గదికి వెళ్ళిపోయే మనిషి. అందుకే ఆ "ఒక్కలాగ" అంటే ఏమిటో ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

జగ్గమ్మ ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ శోకాల్లో మేటి. ఎవరింట మనిషి పోయినా ఆవిడ రావాల్సిందే. ఆవిడ వచ్చి, ఒకరి మెడ మీద చెయ్యి వేసి, రాగం ఎత్తుకుని పోయినవాళ్ళ గుణగణాలన్నీ ఒక్కొక్కటే చెప్పి ఏడిస్తే, అప్పటిదాకా ఆ మనిషిని తిట్టుకున్నవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకునేవారు. ఆ శోకాలకు అక్కడ కొన్ని పద్ధతులున్నాయి. పోయినవాళ్ళ పేరు నోట రాకూడదు. దారిన పోయే ఆడమనిషికి ఏడుపు వినపడితే గంప దించి వచ్చి తనూ కూర్చోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైంది, ఎవరు పోయారని వస్తూనే అడగకూడదు. అడిగితే, ఫలానావాళ్ళకైతేనే ఏడుస్తావా అని నిష్ఠూరమొస్తుంది. ముందు ఏడవాలి, తర్వాత అడగాలి.

మాస్టారు బడికి చేరేసరికి అంతా సవ్యంగానే ఉంది. షామియానా వేశారు. పిల్లలు తలలకు నూనె కారేలా రాసుకుని కూర్చున్నారు. మధ్యాహ్న భోజనం వండే చిన్నతల్లి తెల్లారే కాచిన సాంబారు గిన్నెను పక్కకు ఎత్తి పెడుతోంది. రుచి చూద్దామని మాస్టారు దగ్గరికి వెళ్ళారు. అదే సమయానికి చిన్నతల్లి గిన్నెతో సహా ఇటు తిరిగింది. దేవుడి దయ వల్ల సాంబారు అప్పటికే చల్లారింది గానీ, ఇస్త్రీ చొక్కా, ప్యాంటు, జేబులో ఉన్న ఫోను, మూడూ మునక్కాడలతో సహా తడిసిపోయాయి.

"ఓలమ్మో! సూడనేదు బాబూ!" అంది చిన్నతల్లి.

"పర్లేదులే, ముందు వీటిని ఉతికి ఆరబెట్టు. వాళ్ళు రావడానికి ఇంకా టైముంది" అంటూ మాస్టారు వంటగది వెనక బియ్యం బస్తాలుండే గదిలోకి వెళ్ళి, వేదిక మీది బల్ల కోసం తెచ్చిన తెల్లదుప్పటి చుట్టుకుని కూర్చున్నారు. ఫోను వెలగలేదు. ఎంత దులిపినా అందులోంచి చింతపండు పులుసే వచ్చింది.

ఇక్కడ ఇలా ఉండగా, షామియానా కింద చేరిన ఆడవాళ్ళతో జగ్గమ్మ అంది, "బాబులు వచ్చీలోగా ఓపాలి గొంతు సవరించుకుందుమా?"

సవరించుకున్నారు. ముప్పై గొంతులు ఒక్కసారి లేచాయి.

"ఓ నా తండ్రో... మా గుంటలకింక అచ్చరాలెవులు సెప్తారో... ముక్కులు కారితే తుడిసినావే, ముద్దలెట్టి సాకినావే, గెడ్డలో మమ్మల్నొగ్గీసి ఎలిపోతన్నావా తండ్రో..."

జగ్గమ్మ ఏడుస్తున్నది బడి గురించే. ఆ మాట ఆవిడకు తెలుసు, పక్కనున్న ముప్పై మందికీ తెలుసు. రోడ్డు మీద వాళ్ళకు మాత్రం తెలియదు. చేపల గంపలతో సంతకు పోతున్న పక్క ఊరి ఆడవాళ్ళు ఆ రాగం వినగానే గంపలు దించి పరుగెత్తుకొచ్చారు. ఒక ఆటో ఆగింది, అందులోంచి అయిదుగురు దిగి మెడలు పట్టుకుని కూర్చున్నారు. పద్ధతి ప్రకారం ఎవరూ ఏమీ అడగలేదు. ఏడుస్తూనే నాలుగువైపులా చూసుకున్నారు. ఏడుపు బడి దగ్గర. అక్షరాలు చెప్పేవాడంటున్నారు. మాస్టారి స్కూటరు చెట్టు కింద ఉంది, మాస్టారు లేరు. ఇంక అడగడానికి మాత్రం ఏముంది?

కొత్తగా వచ్చినవాళ్ళు బడిని వదిలి మాస్టారినే ఎత్తుకున్నారు. "మా గుంటకి జొరమొస్తే బండి మీద ఆస్పత్రికి అట్టుకెల్లినావే బాబో... నా మనవడి సెవి మెలిపెట్టి మెలిపెట్టి ఎర్రగ సేసినావే, అయినా మేమేటీ అననేదే బాబో..."

బస్తాల గదిలో కూర్చున్న మాస్టారి చెవిన ఇవన్నీ పడుతూనే ఉన్నాయి. "అయ్యో పాపం, ఎవరో పోయినట్టున్నారు" అనుకున్నారు. పోయినాయన చాలా మంచివాడని ఆ మాటల వల్ల అర్థమై, దుప్పటి అంచుతో కళ్ళు ఒత్తుకున్నారు. చెవులు మెలిపెట్టే అలవాటు మాత్రం ఉండకూడదని కూడా అనుకున్నారు.

అంతలో డప్పు మోగింది. ఊళ్ళో చావు డప్పు కొట్టే అసిరయ్య వచ్చేశాడు. కమిటీ రాకను టీవీలో చూపించడానికి కెమెరాతో వచ్చిన విలేకరి శివాజీ అతన్ని పక్కకు లాగాడు.

"మావా, ఎవరు పోయింది?"

"డప్పుకి పేరుతో పనేటి? ఏడుపిన్నాను, వచ్చినాను."

"అది కాదు మావా, వార్త పంపాలి. ఎవరై ఉంటారు?"

అసిరయ్య గుంపును ఓసారి, స్కూటరును ఓసారి చూశాడు. "బడికాడ ఏడుస్తన్నారంటే ఇంకెవులుంటారు? మాస్టారే."

శివాజీకి అది చాలు. కాసేపట్లో టీవీలో అడుగున ఎర్రటి అక్షరాలు పరుగెత్తాయి, 'బడి విలీనం వార్త తట్టుకోలేక ఆగిన ప్రధానోపాధ్యాయుడి గుండె' అని. హైవే మీద టీ తాగుతున్న ఎమ్మెల్యేలు ఇద్దరూ ఆ వార్త చూశారు. గణపతిరావు దారిలో కారాపించి ఒక పూలదండ కొన్నారు. అది చూసి ఉమాశంకర్ అంతకన్నా పెద్దది కొన్నారు.

ఆ వార్త విజయనగరంలో మాస్టారి భార్య రేఖ కూడా చూసింది. ఆయన ఫోను పలకకపోయేసరికి చిన్నతల్లికి చేసింది. చిన్నతల్లి ఫోను పట్టుకుని గదిలోకి వచ్చింది.

"బాబూ, అమ్మగారు. మీరు సచ్చిపోనారా అని అడుగుతన్నారు."

మాస్టారికి అర్థం కాలేదు. ఫోను తీసుకుని "రేఖా, ఏమిటీ?" అన్నారు.

అవతల కాసేపు ఏడుపు, ఆ తర్వాత ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "బతికే ఉన్నారా? మరి టీవీలో అలా వేస్తారేమిటండీ? నాకు ప్రాణం పోయింది. ఇంతకీ ఏం చేస్తున్నారు?"

"దుప్పటి కట్టుకుని కూర్చున్నాను. సాంబారు పడింది. తర్వాత చెబుతాను."

"సరే, పోకపోతే వచ్చేటప్పుడు ఎండురొయ్యలు తెండి" అని రేఖ పెట్టేసింది.

అప్పుడు వెలిగింది మాస్టారికి. ఇందాకట్నుంచి తను కళ్ళు ఒత్తుకుంటున్నది తన కోసమే! దుప్పటి బిగించి కట్టుకుని గబగబా తలుపు దాకా వచ్చారు. గుమ్మంలో జగ్గమ్మ అడ్డంగా నిలబడి ఉంది. రొప్పుతోంది.

"ఆగండి బాబూ. బైటికి రాకండి."

"ఏమిటి జగ్గమ్మా ఈ ఘోరం! నేను పోయానని ఎవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పనేదు. నాను బడి కోసమే ఏడిసినాను, మీ తోడు. ఆలొచ్చి మీ మీదకి మల్లించీసినారు. అది గాదు, ముందు అదినండి."

బయట మైకులో గణపతిరావు గొంతు గద్గదంగా వినిపిస్తోంది. "...ఆ మహానుభావుడి ఆత్మశాంతి కోసం, ఈ కమిటీ అధ్యక్షుడిగా మాటిస్తున్నాను. ఈ బడి నుంచి ఒక్క తరగతి కూడా కదలదు! ఆయన పార్థివదేహం సాక్షిగా ఇప్పుడే కాగితం రాసి సంతకం పెడతాను!"

ఆ వెంటనే ఉమాశంకర్ మైకు లాక్కున్న చప్పుడు. "మా పక్షం ఎప్పట్నుంచో అడుగుతున్నది ఇదే! అంతే కాదు, గెడ్డ మీద వంతెన కూడా వెయ్యాలి!"

మాస్టారు తలుపు రెక్క పట్టుకుని విన్నారు. ఆరు నెలలుగా ఆయన అర్జీలు పెట్టుకున్నారు, ఆఫీసుల చుట్టూ తిరిగారు, నిద్ర మానేశారు. అప్పుడు రానిది ఇప్పుడు పార్థివదేహం సాక్షిగా వస్తోంది.

"బాబూ," అంది జగ్గమ్మ, గొంతు తగ్గించి. "ఒక్క గడియ సచ్చిపోండి. బడి నిలబడతాది."

"ఛ! ఏం మాటలమ్మా అవి! అబద్ధం చెప్పకూడదని పిల్లలకి చెప్పే నోటితో..."

"ఏటీ సెప్పకండి. పడుకోండి. పడుకుంటే అబద్దం ఎలగవుతాది?"

ఆయన ఆలోచించేలోపే జగ్గమ్మ, చిన్నతల్లి కలిసి ఆయన్ని వెనక తలుపు గుండా తరగతి గదిలోకి నడిపించారు, రెండు బెంచీలు జతచేసి పడుకోబెట్టారు, ముక్కుల్లో దూది పెట్టారు, మెడ దాకా దుప్పటి కప్పారు. జగ్గమ్మ రెండు కాలి బొటనవేళ్ళూ కలిపి కట్టేసింది కూడా. పని సగం చెయ్యడం ఆవిడకు అలవాటు లేదు.

ఎమ్మెల్యేలు లోపలికి వచ్చారు. ముందు గణపతిరావు దండ పడింది. ఆ మీద ఉమాశంకర్ దండ పడింది, అది బంతిపూల దండ, మూడు కిలోలుంటుంది. మాస్టారు నోటితో మెల్లగా గాలి పీల్చుకుంటూ, అయిదో తరగతి పిల్లలు గోడవారగా వచ్చి నిలబడడం కళ్ళ సందుల్లోంచి చూశారు. ఎవరి కళ్ళల్లోనూ అల్లరి లేదు. ఒక పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. మాస్టారికి లేచి దాన్ని దగ్గరికి తీసుకోవాలనిపించింది. వాళ్ళ కోసమే కదా అని పళ్ళు బిగించుకుని పడుకున్నారు.

గణపతిరావు కుర్చీలో కూర్చుని పీఏకి లేఖ చెప్పడం మొదలుపెట్టారు. పక్కనే కెమెరా తిరుగుతోంది. కెమెరా ఉన్నచోట ఉమాశంకర్ ఊరుకునే మనిషి కాదు.

"ఈ చావుకి కారణం మీ విధానం! పాఠం చెప్పే మాస్టారి చేత మరుగుదొడ్లు ఫోటో తీయించి యాప్‌లో పెట్టిస్తున్నారు. గుండె ఆగకేం చేస్తుంది?"

"ఆ యాప్ తెచ్చింది మీ ప్రభుత్వం. మేం ఫోటో సైజు తగ్గించాం, అంతే" అన్నారు గణపతిరావు.

"విలీనం మాత్రం మీదే!"

"దానికి పేరు పెట్టింది మేమే గానీ, ఆలోచన మీది. ఫైళ్ళు తెప్పించమంటారా?"

శవానికి చెరో పక్కన కూర్చుని వాళ్ళిద్దరూ ఇంగ్లీషు మీడియం గురించి వాదించుకున్నారు, ఒకే టీచరున్న బడుల గురించి వాదించుకున్నారు, పుస్తకాల సంచి బరువు గురించి బల్ల గుద్దారు. ఆ గుద్దింది బల్ల కాదు, మాస్టారి బెంచీ. మాస్టారు పైకి కిందికీ ఊగారు. ఆయన సహించారు. యాప్‌ల లెక్క తప్పు చెప్పారు, సహించారు. హైస్కూలు దూరం తప్పు చెప్పారు, అదీ సహించారు. మెడ మీద బంతిపూలలోంచి చీమ ఒకటి బయల్దేరి చెవిలోకి దారి వెతుక్కుంటోంది, దాన్నీ సహించారు.

"అసలు విలీనం ఎందుకు కావాలో చెప్తాను వినండి," అన్నారు గణపతిరావు. "ఈ పక్కన ఇలాంటి బడులు ఆరున్నాయి. మూడు తరగతులకీ కలిపి బడికి పదిహేడు మంది పిల్లలు. మొత్తం కలిపితే నూట పన్నెండు మంది. అంతమందిని ఒక్కచోట చేరిస్తే తరగతికో టీచరొస్తాడా రాడా?"

"నూట పన్నెండెలా అవుతారు? ఎనభై రెండు!" అన్నారు ఉమాశంకర్.

దుప్పటి కింద మాస్టారి కుడిచెయ్యి ఒక్కసారి బిగుసుకుంది.

"పదిహేడార్లు నూట పన్నెండు!"

"ఎనభై రెండండీ బాబూ! నేను బీకాం చదివాను!"

"ఏమయ్యా, నువ్వు చెప్పు" అని గణపతిరావు పీఏని అడిగారు.

"సార్ చెప్పిందే కరెక్టండి" అన్నాడు పీఏ.

మాస్టారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. బడి, గెడ్డ, తాటిదుంగలు, వెక్కుతున్న పిల్ల, అన్నిటినీ తలుచుకున్నారు. కాగితం మీద సంతకం ఇంకా పడలేదని తనకు తనే చెప్పుకున్నారు. అంతా చెప్పుకున్నారు. కానీ ఎదురుగా అయిదో తరగతి పిల్లలు నిలబడి ఆ నూట పన్నెండును చెవులారా వింటున్నారు. ముప్పై ఏళ్ళ అలవాటు ఆయన అనుమతి అడగలేదు.

"నూట రెండు" అంది శవం.

గుమ్మంలో అసిరయ్య డప్పు కూడా ఆగిపోయింది. వెంటనే అయిదో తరగతి మొత్తం చేతులు కట్టుకుని, ఎప్పటిలాగే ఒక్క గొంతుతో అందుకుంది. "పదిహేడార్లు నూట రెండు! పదిహేడేళ్ళు నూట పంతొమ్మిది! పదిహేడెనిమిదులు నూట ముప్పై ఆరు!"

గణపతిరావు కుర్చీతో సహా వెనక్కి పడ్డారు. ఉమాశంకర్ కిటికీలోంచి దూకి సరుగుడు తోట దాకా పోయారని తర్వాత కెమెరాలో చూసినవాళ్ళు చెప్పారు. ఎక్కాన్ని పిల్లలు పదిహేడు పదుల దాకా లాగించి ఆపారు. అసిరయ్య డప్పు చంకలో పెట్టుకుని "నా అనుబవంలో ఇలగ ఎప్పుడూ అవనేదు" అన్నాడు. జగ్గమ్మ మాత్రం తలపట్టుకుని ఈసారి నిజమైన దుఃఖంతో ఎత్తుకుంది, "ఓ నా తండ్రో... ఎంత పని సేసినావో తండ్రో..."

మాస్టారు లేచి కూర్చున్నారు. లేచి నిలబడబోతే బొటనవేళ్ళు కట్టి ఉండడంతో మళ్ళీ కూలబడ్డారు. ముక్కుల్లోంచి దూది తీసి చేతులు జోడించారు. "క్షమించండి. నేను పోలేదు. వీళ్ళ తప్పు లేదు, తప్పంతా నాదే. పిల్లలు గెడ్డ దాటి వెళ్ళలేరు, వెళ్ళకపోతే చదువు మానేస్తారు. అందుకని... పడుకున్నాను" అన్నారు. ఆయన కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారాయి.

గణపతిరావు ముఖం కందగడ్డలా అయింది. "శాసనసభనే మోసం చేస్తావా?" అంటూ పీఏ చేతిలోని లేఖ లాక్కుని చింపబోయారు.

"సార్," అన్నాడు శివాజీ కెమెరా పక్కనుంచి, "లైవులో ఉన్నాం. పోయిన మాస్టారికిచ్చిన మాట బతికిన మాస్టారికి ఇవ్వరా?"

చింపబోయిన చెయ్యి ఆగింది. సరుగుడు తోట నుంచి రొప్పుతూ తిరిగొచ్చిన ఉమాశంకర్ గుమ్మంలోంచే అరిచారు. "అదే! నేనూ అదే అడుగుతున్నాను! చచ్చిపోతేనే బడి ఇస్తారా? ప్రజలకి జవాబు చెప్పండి!"

గణపతిరావు నాలుగుసార్లు గెలిచిన మనిషి. కెమెరా వంక చూశారు, చిరునవ్వు తెచ్చుకున్నారు, మాస్టారి భుజం మీద చెయ్యి వేశారు. ఆ చేత్తోనే భుజం ఎంత ఎముకలు తేలి ఉందో చూసుకున్నారు. మాస్టారు అప్పుడే రెండుసార్లు దగ్గారు కూడా. గణపతిరావు తృప్తిగా తలాడించి, లేఖ అడుగున తన చేత్తో ఒక్క వాక్యం కలిపి సంతకం పెట్టారు. 'ప్రస్తుత ప్రధానోపాధ్యాయుడు శ్రీ నారాయణమూర్తి ఈ బడిలో పనిచేస్తున్నంత కాలం ఇక్కడి తరగతులు ఇక్కడే కొనసాగుతాయి.' ఎలా చూసినా ఏడాది తిరక్కుండా విలీనం చేసేయవచ్చని కారెక్కుతూ ఆయన పీఏతో అన్నారట.

ఆ వాక్యాన్ని శివాజీ ఊరందరికీ చదివి వినిపించాడు. జగ్గమ్మ దాన్ని మరోసారి చదివించుకుంది. ఆ తర్వాత ఎమ్మెల్యేల వంక కాదు, మాస్టారి వంక తేరిపార చూసింది. ఆ చూపు మాస్టారికి ఏమంత నచ్చలేదు.

మర్నాడు పొద్దున ఆయన స్కూటరు మీద ఊరి మొదట్లోకి వచ్చేసరికి పదిమంది ఆడవాళ్ళు అడ్డంగా నిలబడి ఉన్నారు.

"తాళాలిలాగ ఇచ్చీండి బాబూ. రేపట్నుంచి ఆటో వస్తాది. ఆ హైవే మీద మిమ్మల్ని ఒగ్గీలేము."

"నాకేమవుతుందమ్మా?"

"మీకేటైనా పర్లేదు. బడికేటవుతాది?" అంది జగ్గమ్మ. అంటూనే ఆయన చొక్కా జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి తన రొంటిలో దోపుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం చిన్నతల్లి ఆయనకు ఉప్పు లేని పప్పు పెట్టింది. మర్నాడూ అదే పెట్టింది. ఉదయం బడి గంటకు ముందు ఇసకలో నడక, వెంట ఇద్దరు ఆడవాళ్ళ కాపలా. వారానికోసారి నర్సమ్మ వచ్చి చేతికి పట్టీ కట్టి గాలి కొడుతుంది. ఆ బీపీ అంకెను షామియానా కింద శోకాలు పెట్టిన ముప్పై మందీ విని గానీ కదలరు. బదిలీల సమయం వచ్చింది, విజయనగరానికి పెట్టుకోమని రేఖ ఫోను చేసింది. ఆ మాట మాస్టారు ఊళ్ళో ఎత్తీ ఎత్తకముందే, అమ్మగారికి ఊళ్ళోనే ఇల్లు చూశామని జగ్గమ్మ కబురు పెట్టింది.

"దుప్పటి కింద పడుకున్న ఆ గంటే హాయిగా ఉంది రేఖా. ఎవరూ ఏమీ అనలేదు" అని మాస్టారు ఫోనులో గోడు వెళ్ళబోసుకున్నారు.

"మూడు తరగతులూ అక్కడే ఉన్నాయా?"

మాస్టారు వరండాలోంచి తరగతి గదిలోకి చూశారు. కొత్తగా మూడులోకి వచ్చిన పిల్లలు పలకల మీద తలలు వంచి రాసుకుంటున్నారు. "ఉన్నాయి" అన్నారు, గొంతులో గర్వం దాచుకోలేక.

"అయితే ఆ ఉప్పు లేని పప్పు తినండి" అంది రేఖ.

విద్యావిధానం మీద శాసనసభలో ఆ ఏడాదంతా చర్చలు జరిగాయి, కమిటీ లావుపాటి నివేదిక కూడా ఇచ్చింది. వాటివల్ల రాష్ట్రంలో ఏం మారిందో ఇంకా తేలలేదు గానీ, చినరేవుపేటలో ఒక మాస్టారి బీపీ మాత్రం నూట ముప్పైకి దిగింది.